పైన తీగా, కింద కేబులా

అశోక్‌నగర్‌లో పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడే పిల్లలారా, మీలో చాలామంది ఏదో ఒక సర్కారు కొలువుకు పరీక్ష రాసేవాళ్లే. కొందరు రేపు కరెంటు ఆఫీసులకూ వస్తారు. మీరు నిలబడే ఆ ఫుట్‌పాత్ కింద ఇసుక పరిచి, పైన పలకలు కప్పి, ఒక కేబులు పడుకుని ఉంది. మీ హాస్టళ్ల ఫ్యాన్లు, చిక్కడపల్లి మార్కెట్ దీపాలు, నారాయణగూడ దాకా దుకాణాల బోర్డులు దాని మీదే నడుస్తున్నాయి. అది స్తంభాల మీద కాకుండా నేల కింద ఎందుకుంది అని రేపు మీ పరీక్షలో అడుగుతారేమో. ఆ సంగతి తేల్చిన రోజుల్లో నేను ఆ ఆఫీసులో అటెండర్‌ను. జవాబు పుస్తకంలో చదువుకోండి. నేను మనుషుల సంగతి చెప్తాను.

నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది.

మా ఆయన లైన్మన్. విద్యానగర్ వైపు ఒక సందులో స్తంభం మీద పోయాడు. లైను బందు చేయించుకునే ఎక్కాడు. సబ్‌స్టేషన్‌లో బందు చేసినవాడు కూడా సరిగ్గానే చేశాడు. కానీ ఆ సందు చివర ఫంక్షన్ హాల్లో కరెంటు పోయిందని జనరేటర్ వేశారు. వాళ్ల వైరింగులో ఏదో తప్పు ఉండింది. ఆ జనరేటర్ కరెంటు వెనక్కి నడిచి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి, బలం పెంచుకుని, మా ఆయన చేతుల్లోకి వచ్చింది. లోపల పెళ్లి భోజనాలు నడుస్తున్నాయి. వాళ్లకు చాలాసేపటిదాకా తెలియనే తెలియదు.

ఆయన పోయినందుకు నాకు కొలువు ఇచ్చారు. మా దగ్గర అటెండర్లుగా ఉన్న ఆడవాళ్లలో సగం మంది అట్లా వచ్చినవాళ్లే. కొత్తగా ఎవరైనా చేరితే ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ముందు టీ ఇచ్చేవాళ్లు.

ఆ రోజు స్తంభం కింద తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకడున్నాడు. అప్పటికి హెల్పర్. మా ఆయనను అన్నా అని పిలిచేవాడు. దినాలు అయిపోయాక వచ్చిన రాఖీ పండుగకు మా ఇంటికి వచ్చి, గడప దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. కట్టాను. అప్పటి నుంచి నాకు తమ్ముడు. ఇక్కడ కూడా అతన్ని తమ్ముడనే అంటాను.

తమ్ముడు తర్వాత లైన్మన్ అయ్యాడు. అతనికి ఒక పట్టింపు ఉండేది. లైను బందు అయ్యాక కూడా తీగల మీదికి ఇనుప గొలుసు విసిరి, దాని రెండో కొసను భూమిలో దిగ్గొట్టిన రాడ్డుకు కట్టేవాడు. ఎక్కడి నుంచి కరెంటు వచ్చినా మనిషిని వదిలి గొలుసులోంచి భూమిలోకి పోతుంది. ఇది అందరూ చేయాల్సిన పనే. కానీ ఎండలో, తొందరలో, కరెంటు ఎప్పుడొస్తుందని జనం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే చాలామంది వదిలేస్తారు. మా ఆయన కూడా ఆ రోజు వదిలేశాడు. తమ్ముడు మాత్రం గొలుసు పడనిదే స్తంభం మీద చెయ్యి కూడా వేసేవాడు కాదు. కొత్తగా వచ్చిన హెల్పర్లు వెనక నవ్వుకుని గొలుసన్న అని పేరు పెట్టారు.

అతను వాళ్లకు ఒకటే చెప్పేవాడు. "కరెంటు నన్నేం జెయ్యదురా. దానికి నేనెవరో ఎర్కలేదు. నా భయమంతా వేరేటోని చెయ్యి ఎక్కడ పడ్తదో అని. గొలుసు అందుకోసం."

అతని పెళ్లాం మాత్రం గొలుసును నమ్మేది కాదు. అడిక్‌మెట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు. గాలి లేస్తే, మబ్బు పడితే వచ్చి తలుపులో నిలబడేది. అతను సైకిల్ మోటారు మీద మలుపు తిరిగేదాకా లోపలికి పోయేది కాదు. నేను పోతే నా చెయ్యి పట్టుకుని, ఆఫీసులో సార్లకు చెప్పి మీ తమ్మునికి కింద పని ఇప్పించు వదినా అని బతిమాలేది. నేను సార్లకు టీ ఇచ్చేదాన్ని. పనులు ఇప్పించేదాన్ని కాదు. అయినా చెప్తానని చెప్పి వచ్చేదాన్ని.

అట్లా ఉండగా కొత్త లైను సంగతి వచ్చింది. అశోక్‌నగర్‌లో ఇళ్లన్నీ హాస్టళ్లయ్యాయి. ఒకప్పుడు నలుగురున్న ఇంట్లో నలభై మంది చదువుకుంటున్నారు. గదికో కూలర్, కొన్నిట్లో ఏసీలు. ఎండాకాలం వస్తే మా ఫోన్లు మోగడం ఆగేది కాదు. మురుగు నాలాకు అవతలి సబ్‌స్టేషన్ నుంచి ఇటు నారాయణగూడ వైపుకు ఒక పెద్ద లైను, హైటెన్షన్ లైను, కొత్తగా వేయాలని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఎట్లా వేయాలో మీరే చూసి చెప్పండని మా ఇంజనీరు మేడమ్‌కు వదిలేశారు.

ఆ మేడమ్ వరంగల్ వైపు అమ్మాయి. మీలాగే అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకుని వచ్చింది. గట్టిగా మాట్లాడేది కాదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పేది. గోడకు పెద్ద మ్యాపు తగిలించి, వచ్చినవాళ్లందరికీ అదే ఓపికతో చెప్పేది. అన్నిసార్లు విని విని నాకు కూడా సగం వచ్చింది.

దారులు మూడు. మొదటిది ఎప్పటిలాగే స్తంభాల మీద ఉత్త తీగలు. తొందరగా అవుతుంది, చవక. తెగితే కంటికి కనిపిస్తుంది, సాయంత్రానికి అతికించవచ్చు. కానీ సందుల్లో బాల్కనీలు రోడ్డు మీదికి పెరిగాయి. పతంగుల మాంజా ఉంది, చెట్లున్నాయి, బట్టలారేసే పిల్లలున్నారు. రెండోది అవే స్తంభాల మీద తొడుగు వేసిన తీగలు, మూడూ కలిపి జడలాగా అల్లినవి. జాగా తక్కువ తింటాయి. కానీ బరువెక్కువ, స్తంభాలు లావుగా కావాలి. ఆ స్తంభాలు నిలబెడితే ఫుట్‌పాత్ మీద మనిషి నడవడానికి ఉండదు. ఎండకు తొడుగు పాడవుతుంది కూడా. మూడోది భూమిలో కేబులు. గాలికీ వానకూ భయం లేదు, ఎవరి చేతికీ అందదు. ఖర్చు చాలా ఎక్కువ. రోడ్లన్నీ తవ్వాలి, నీళ్ల పైపులు, డ్రైనేజీ తప్పించుకుంటూ పోవాలి. ఒక్కసారి చెడిపోతే ఎక్కడ చెడిందో వెతకడానికే రోజులు పడతాయి.

జనాన్ని కూడా అడుగుదామని కాలనీ హాల్లో మీటింగు పెట్టారు. కుర్చీలు వేసింది నేనే. చిక్కడపల్లి బట్టల దుకాణాయన లేచి, రోడ్డు తవ్వితే పండుగ గిరాకీ పోతుంది, మా కడుపు మీద కొట్టకండి అన్నాడు. అశోక్‌నగర్ పెద్దాయన ఒకాయన, తీగలు వేస్తే నా బాల్కనీకి జానెడు దూరంలో పోతాయి, మనవలు చెయ్యి చాపితే ఎవరిది బాధ్యత అని నిలదీశాడు.

తమ్ముడు వెనక బల్ల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే అడిగాడు. "సార్, తీగలు మీ బాల్కనీ దిక్కు వస్తలేవు. మీ బాల్కనే తీగల దిక్కు వచ్చింది. జర లోపలికి తీసుకుంటరా?"

హాలంతా నవ్వింది. పెద్దాయన కూడా కొంచెం నవ్వి కూర్చున్నాడు. మీటింగులో ఏమీ తేలలేదు.

మరుసటి వారం మేడమ్ లైను పనివాళ్లను లోపలికి పిలిచి తలుపు వేయించింది. నేను గ్లాసులు ఏరుకుంటున్నాను. నన్నూ ఉండమంది. "రేపు దాని మీద పనిజేసేది మీరు. నేను జెప్పింది పక్కకు పెట్టుండ్రి. మీకేది మంచిగనిపిస్తది?" అని అడిగింది.

అందరూ తమ్ముని వైపు చూశారు. అతనే పెద్ద.

"పైనదే మేడమ్," అన్నాడు. "కంటికి కనవడ్తది. తెగితే తెగినట్టు, ఉంటే ఉన్నట్టు. గొలుసు ఏస్త, పని జేస్త, దిగుత. భూమిల పండుకున్నదాన్ని ఎట్ల నమ్మాలె నేను?"

నేను మాట్లాడాల్సిన చోటు కాదు. అయినా నోరాగలేదు. "పైనదాన్ని నమ్మే మీ అన్న ఎక్కిండు," అన్నాను.

తమ్ముడు తల దించుకుని, మెల్లగా అన్నాడు. "అన్నను తీగ చంపలే అక్కా. జనరేటర్ చంపింది."

"తీగ లేకుంటే ఆ జనరేటర్ కరెంటు ఎక్కడ నడుస్తుండె?"

అతను తన టీ గ్లాసు నాకు అందించాడు. మేడమ్ నన్ను ఆపలేదు, అతన్ని తప్పనలేదు. కేబులుకు కూడా ఒక చెడ్డ గుణం ఉంది, అది ఇప్పుడే చెప్తాను, అందరూ వినండి అంది. కేబులును బందు చేసినా అది లోపల కొంత కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. టెస్టింగు, అంటే తట్టుకుంటుందా అని మిషనుతో ఎక్కువ కరెంటు ఎక్కించి చూడటం, చేసిన తర్వాత ఇంకా ఎక్కువ. భూమికి తీగతో కలిపిన ఎర్త్ రాడ్ ముట్టించి దింపితే ఒక్కసారికి దిగినట్టే ఉంటుంది. కానీ తొడుగులో ఇంకినది కొంత ఉండిపోతుంది. రాడ్డు తీసేస్తే అది మెల్లగా మళ్లీ పైకి వస్తుంది. అందుకని రాడ్డు చాలాసేపు పెట్టే ఉంచాలి, తీయకూడదు. ఇట్లా చెప్పింది. తమ్ముడు కూడా విన్నాడు, తల ఊపాడు. తీగల మీద ఇన్నేళ్లు పని చేసిన చేతులకు అది ఎన్ని రోజులకు ఎక్కుతుందో అప్పుడు ఎవరం ఆలోచించలేదు.

చివరికి పై ఆఫీసు వాళ్లు కేబులే అన్నారు. నా మాట వల్ల కాదు, నా మాట అంత దూరం పోలేదు. ఆ సందుల్లో స్తంభాలు నిలబెడితే ఫైరింజను తిరగదని, హాస్టళ్లలో అంతమంది పిల్లలున్నారని తేల్చారు. మేడమ్ వచ్చి చెప్పిన రోజు నేను చిక్కడపల్లిలో జిలేబీ కొనుక్కొచ్చి అందరికీ పెట్టాను. మా ఆయన పోయాక ఆఫీసులో నేను తీపి పంచడం అదే మొదటిసారి. తమ్ముడు రెండు ముక్కలు తీసుకున్నాడు. "నీ మాటే గెలిచింది తియ్. ఇగ నన్ను ఎలుకను జేసిండ్రు," అని నవ్వాడు.

నిజంగానే అతన్ని కేబులు పనిలో వేశారు. మోకాళ్లు నొస్తున్నాయని, స్తంభాలు ఎక్కడం కష్టమని మేడమే చూసి వేసింది. అతని పెళ్లాం నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది, సంతోషంతో. నువ్వే ఇప్పించినవు వదినా అంది. నేను కాదంటే వినలేదు.

తవ్వకం నెలల తరబడి నడిచింది. చిక్కడపల్లి మలుపులో నీళ్ల పైపు పగిలింది. ఆ బస్తీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి తమ్ముణ్ణి చుట్టుముట్టారు. అతను ఎదురు మాట్లాడకుండా, ట్యాంకరు తెప్పించి, అది వచ్చేదాకా వాళ్ల తిట్లు తింటూ గుంత గట్టు మీదే కూర్చున్నాడు. తర్వాత వాళ్లే అతనికి అన్నం తెచ్చి పెట్టారు. మెల్లగా ఆ పని అతనికి నచ్చడం మొదలైంది. కేబులు ముక్కలు అతికే జాయింటర్ ఒకాయన బయటి నుంచి వచ్చేవాడు. గుంతలో మోకాళ్ల మీద కూర్చుని, పొర తర్వాత పొర ఒలిచి, తుడిచి, చుట్టేవాడు. తమ్ముడు పక్కన కూర్చుని గంటలు చూసేవాడు. "పెండ్లిపిల్లకు జడ ఏసినట్టు ఏస్తడు అక్కా, మనకు రాదు గాని చూడబుద్ధయితది," అనేవాడు. కింద చల్లగా ఉంటుందని, ఎండ తగలదని చెప్పేవాడు. పైనదే మంచిదని మళ్లీ ఎప్పుడూ అనలేదు.

టెస్టింగు రోజు వచ్చింది. మధ్యాహ్నం మేడమ్, అందరూ అక్కడే ఉన్నారని నేను ఫ్లాస్కులో టీ తీసుకుని పోయాను. నారాయణగూడ వైపు కొస దగ్గర గుంత, గుంత పక్కన కరెంటు పెట్టె, మిషను, నలుగురు మనుషులు. కేబులు పాసయింది. అందరి మొఖాల్లో వెలుగు. మేడమ్ కొంచెం అవతలకు పోయి పై ఆఫీసుకు ఫోన్ చేస్తోంది. ఎన్నో నెలల తర్వాత ఆమె నవ్వగా చూశాను.

తమ్ముడు రాడ్డు ముట్టించాడు. టప్పుమని పెద్ద శబ్దం వచ్చింది. అది విని అందరికీ ధైర్యం వచ్చింది, ఉన్నదంతా దిగిపోయిందని. కొసను పెట్టెలో బిగించాలి. జాయింటర్‌కు రాడ్డు అడ్డం వస్తోంది. తమ్ముడు కొంచెంసేపు ఆగి రాడ్డు తీసి పక్కన పెట్టాడు. జాయింటర్ సందేహంగా చూశాడు.

తమ్ముడు చొక్కా జేబు తట్టి చూపించాడు. "అవతల స్విచ్చుకు తాళమేసి వచ్చిన. తాళంచెవి ఈడున్నది. ఇగ ఎవని చెయ్యి పడ్తది?"

అతను నేర్చుకున్న భయం అంతా వేరేవాళ్ల చేతి భయం. మా ఆయన పోయిన రోజు నేర్చుకున్నది. ఆ భయానికి తాళం వేశాడు కాబట్టి ఇక భయం లేదనుకున్నాడు. ఎవరి చెయ్యీ పడకుండా, తనలో ఇంకిన కరెంటును తానే మెల్లగా బయటికి తెచ్చుకునే వస్తువు అతని అనుభవంలో లేదు. చెప్పిన మాటగా ఉంది, అంతే. నేను కాగితం కప్పుల్లో టీ పోస్తున్నాను. జాయింటర్ పెట్టె తలుపు తెరిచి బోల్టులు విప్పుకుని, కొస ఇటివ్వమన్నాడు. తమ్ముడు దాన్ని ఉత్త చేత్తో పట్టుకున్నాడు. మేడమ్ ఫోన్ చెవి దగ్గర నుంచి దించి, రాడ్ ఏదని అడగబోయింది. అడగడం పూర్తి కాలేదు.

తమ్ముడు వెనక్కి పడిపోయాడు. జాయింటర్ అతని ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత జీపులో తీసుకుపోయారు. నేను ఫ్లాస్కు కింద పెట్టడం కూడా మరిచి, దాన్ని పట్టుకునే జీపెక్కాను. ఆసుపత్రి వాళ్లు ఎంతోసేపు చూడలేదు.

విచారణకు వచ్చినవాళ్లు అందరినీ అడిగారు. తాళం వేసి ఉంది, తాళంచెవి జేబులోనే దొరికింది, కేబులు మంచిది, మిషను మంచిది. రాడ్డు తీసింది చనిపోయిన మనిషే అని రాసుకుంటుంటే మేడమ్ ఆపింది. రాడ్డు పట్టుకునే మనిషికి ఇంకో పని ఉండకూడదు, ఆ ఏర్పాటు నేను చేయలేదు, అది కూడా రాయండి అంది. రాశారో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి మా దగ్గర కేబులు మీద ఎవరు చెయ్యి వేసినా రాడ్డు దగ్గర ఒక మనిషి కూర్చునేవాడు. అతనికి టీ కూడా ఇంకొకరే తాగించేవాళ్లు. మీలో ఎవరైనా రేపు ఇంజనీర్లయి, మనుషులు తక్కువున్నారని ఆ ఒక్కణ్ణి కూడా వేరే పనికి పిలవాలనుకుంటే, పిలవకండి.

ఏది మంచిదని ఇప్పుడు నన్నడిగితే కేబులే అంటాను. ఆ సందుల్లో అప్పటి నుంచి బాల్కనీలో ఎవరి పిల్లలూ కాలలేదు. వానొస్తే దీపాలు పోవడం తగ్గింది. మేడమ్ మూడు దారులూ సరిగ్గానే బేరీజు వేసింది. అయినా ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఈ మాట గట్టిగా అనుకోలేను.

కొన్నాళ్లకు తమ్ముని పెళ్లాం మా ఆఫీసుకే వచ్చింది. అటెండర్‌గానే, నేను వచ్చిన దారిలోనే. పని నేర్పించమని నాకే అప్పజెప్పారు. ఎవరి టీలో చక్కెర ఉండాలి, ఏ ఫైలు ఏ గదికి పోవాలి, బెల్లు ఎన్నిసార్లు మోగితే ఎవరిని పిలిచినట్టు, అన్నీ చూపించాను. నేర్చుకుంది. కానీ నాతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. వదినా అని పిలవడం కూడా మానేసింది. ఎవరో చెప్పే ఉంటారని నాకు తెలుసు. ఆ గదిలో అందరి ముందూ నేనన్న మాట కదా.

ఒక మధ్యాహ్నం ఇద్దరం స్టూళ్ల మీద కూర్చుని అన్నం తిన్నాం. డబ్బా మూత పెడుతూ ఆమె అడిగింది. "కేబులే మంచిదన్నవంట గదా వదినా."

"అవ్, అన్న."

"ఆయన వద్దన్నడంట."

"వద్దనే అన్నడు."

ఆమె డబ్బా సంచిలో పెట్టింది, మళ్లీ తీసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కూర్చున్నాను.

"ఇంట్ల మాత్రం నాకట్ల జెప్పలే," అంది. "ఇగ పోలు ఎక్కుడు లేదు, భూమి మీద నిలవడి పని, నువ్వు పరేషాన్ గావద్దు అన్నడు. పెండ్లయిన కాంచి నేను గాలొస్తే తలుపుల నిలవడేదాన్ని గదా, నువ్వు జూసినవు. ఆ కేబులు పని నడిసినన్ని దినాలు నిలవడలే. నిద్ర వట్టేది వదినా. పగలు గూడ మస్తు నిద్ర వట్టేది."

ఏడవలేదు. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ దినం గూడ పండుకొనే ఉన్న. వాళ్లొచ్చి లేపిండ్రు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. లోపల మేడమ్ గదిలో బెల్లు మోగింది. ఆ వేళ వంతు నాది. లేవబోతుంటే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, కొంగు సర్దుకుని, తనే లోపలికి పోయింది.